ఒకే ఇంటి చిలకలు

అది కాదప్పా ఉలిగప్పా, బైపీసీ చదివిన పిల్ల ఇట్ల మొండికేస్తే నేనేం చేయాల, నువ్వే చెప్పు. బేస్తవారం బెంగళూరు ఆస్పత్రికి రమ్మని డాక్టరమ్మ తేదీ రాసిచ్చింది. కడుపులో బిడ్డ చుట్టూ ఉండే నీళ్ళు సూదితో రవ్వంత తీసి చూస్తారంట. పోయిన బిడ్డకుండిన జబ్బు ఈ బిడ్డకి ఉండాదా లేదా ఆ నీళ్ళలో తెలిసిపోతాదంట. పోదాం రామ్మా అంటే, రాను నాయనా అంటాంది. ఇచ్చేది దేవుడు, చూసుకునేది దేవుడు, నడాన సూదెందుకు అంటాంది.

నాలుగో నెల దాటింది, పదిహేడో వారం. ఇంగ జరిపితే చూసి కూడా ప్రయోజనం లేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చూడకపోతే ఏమైతాది అంటావా? ఏమీ కాకపోవచ్చు. నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళు ఏమీ కాదంట. ఆ నాలుగో పాలు ఉండాది చూడు, అది ఎట్లుంటాదో రెండేండ్లు ఒళ్ళో పెట్టుకొని చూసినాం మేము.

ఎవురి కూతురబ్బా ఇట్ల మాట్లాడేది? పట్టుపురుగుల గుడ్ల కేంద్రం గంగాధరప్ప కూతురు మంజులత. మనిషిని దేవుడు చేయలేదు, మనిషే దేవుణ్ణి చేసినాడని హిందూపురం నుంచి ధర్మవరం దాకా మైకు దొరికిన చోటల్లా అరిచినోని కూతురు.

నవ్వొస్తాందా నీకి? నవ్వుకో. మూతి ఒక పక్కకి లాక్కపోయింది గాబట్టి నువ్వు నవ్వుతాండావో ఎక్కిరిస్తాండావో నాకి తెలీడం లేదు. రెండూ ఒకటేలే.

మంచినీళ్ళు కావాల్నా? వద్దా. సరే. కండ్లు మూస్తే వద్దని అర్థమని మీ వెంకటమ్మ చెప్పిందిలే. ఆయమ్మ మా పాపను పెరట్లోకి పిల్చకపోయింది, మునగాకు కోసిస్తానని. కడుపుతో ఉన్న పిల్లకి మంచిదంట. అందుకే ఇంత ధైర్యంగా మాట్లాడతాండా. అది వచ్చేలోపల చెప్పాల్సింది శానా ఉండాది.

నీకు పక్షవాతం వచ్చి పదకొండు నెల్లాయె, నేను రాలేదు. అంతకుముందు నాలుగేండ్లు కూడా రాలేదు. కోపమా అంటే కోపం కాదు. ఒకసారి ధర్మవరం స్టేషన్లో దిగి నీ వీధి దాకా వస్తి. నీ మగ్గం సప్పుడు వినపడె. అట్లే వెనక్కి తిరిగి పోయి రైలెక్కితి. నీకు తెలీదులే, వెంకటమ్మకు తెలీదు, ఎవురికీ తెలీదు.

ఈ పొద్దు కూడా నేనుగా రాలేదు. మంజులత తీసకొచ్చింది. ఎందుకు తీసకొచ్చిందో చెప్తా. అది నీకు నచ్చదు. నచ్చకపోయినా వినల్ల, లేచి పోలేవు గదా.

తప్పు, అట్ల అనకూడదు. నా నోరంతే. ఆరో తరగతి నుంచి వింటాండావు నువ్వు.

పెనుకొండ హైస్కూల్లో ఒకే బెంచీ మనది. నువ్వు ఈడికొచ్చి మగ్గం గుంతలోకి దిగితివి, నేను పట్టుపరిశ్రమలో చేరి హిందూపురం గుడ్ల కేంద్రంలో పడితి. నువ్వు పండగ పండక్కీ మీ కులపోళ్ళ ముందర సృష్టి పురాణం చెప్తాంటివి. దేవుడు మనుషుల్ని చేసినాడంట, వాళ్ళు బట్టల్లేకుండా తిరిగేది చూసి ఆయనకే సిగ్గయిందంట, బట్ట నేసేదానికని తన ఒంట్లోంచే మీ మూలపురుషుణ్ణి తీసినాడంట. నువ్వు చెప్తాంటే ముసలోళ్ళు కండ్లు తుడుచుకుంటాండ్రి. నాకి ఒళ్ళు మండేది. అట్లని వినకుండా పోతాంటినా? పోను. ముందు వరసలో కూర్చుంటాంటి.

నెలకొకసారి రెండో ఆదివారం పెనుకొండ లైబ్రరీ అరుగు మీద మన కొట్లాట. నువ్వు ఈడనుంచి, నేను ఆడనుంచి, నడాన పెనుకొండ. మొదట్లో మనిద్దరమే. పోతా పోతా జనం చేరిరి. అయివార్లు, బస్సు డ్రైవర్లు, రేషన్ షాపాయన తాళం వేసుకొని మరీ వస్తాండె.

"కోతి మీ తాతంట గదా గంగాధరప్పా, పెద్దల పండక్కి పిలిస్తివా లేదా?" అని నువ్వు ఎత్తుకుంటాంటివి.

"తాత కాదప్పా, దాయాది. దానికీ మనకీ ఒకే అవ్వ," అని నేను.

"ఆ అవ్వకు అవ్వెవురు? మళ్ళా ఆయమ్మకు అవ్వెవురు? పో, అట్లే పోతాండు. పొద్దుగూకేలోపల మా దేవుని ఇంటికే వచ్చి నీళ్ళడుగుతావు."

జనం పొట్ట పట్టుకొని నవ్వేది. నేను మాత్రం సుమ్మనే ఉంటానా? గుడ్ల కేంద్రం నుంచి, పురుగుకి రెక్కలొచ్చి అప్పుడే గూడు చీల్చుకొని వచ్చిన పట్టుచిలకను అట్టపెట్టెలో తెస్తి ఒకసారి, యాదికుండాదా? తెల్లంగా, రెక్కలు ఎంత సక్కంగా ఉండాయి. అరుగు మీద వదిలితి. టపటపా కొట్టుకుంటాది గానీ జానెడు ఎత్తు లేయదు. "చూడండప్పా, రెక్కలిచ్చినోడు ఎగిరే బలం యాల ఇయ్యలేదు? దీని పూర్వీకులు అడివిలో ఎగురుతాండె. మనిషి వేల ఏండ్లు ఇంట్లో పెంచి, లావు గూడు కట్టినదాన్నే విత్తనానికి పెట్టుకుంటా వచ్చె. ఎగిరేది మర్చిపోయె. మనిషే కొన్ని వేల ఏండ్లలో ఒక ప్రాణిని ఇంత మార్చినాడంటే, కోట్ల ఏండ్లలో లోకం ఎన్నిటిని మార్చుంటాది?" అంటి.

అందరూ నీ దిక్కు చూసిరి. నువ్వు ఆ చిలకను అరిచేతిలోకి తీసుకుంటివి. "దేవుడు ఎగరమనే చేసినాడు. చెడగొట్టింది మీరు. దాంట్లో ఆయన తప్పేముందప్పా? అయినా పురుగు పురుగే. మనిషి పురుగు కాదు," అంటివి.

మనిషి పురుగు కాదు. ఎప్పుడూ అదే నీ కడా మాట. నేను ఎంత మోసి తెచ్చినా ఆ ఒక్క మాటతో ఊడ్చేస్తాంటివి. రైల్లో హిందూపురం దాకా కోపంతో పండ్లు పటపటా కొరుక్కుంటా పోయేది నేను.

ఇప్పుడు పదో తరగతి పుస్తకంలో ఆ కోతి పాఠమే తీసేసినారు, తెలుసా? నువ్వు గెలిచినట్లే. మంచం మీద ఉండి కూడా గెలిచినావు.

సరే, పురాణం వద్దు. సంగతికొస్తా.

గుడ్ల కేంద్రంలో ఇరవై తొమ్మిదేండ్లు నేను చేసింది ఒకటే పనప్పా. ఒకే ఇంటి చిలకలు కలవకుండా చూసేది. ఈ జాతి ఆడది ఈ తట్టలో, ఆ జాతి మగది ఆ తట్టలో. గూట్లోంచి బయటికి రాకముందే వేరు చేసి పెట్టాల. ఏదన్నా తప్పిపోయి తోబుట్టువుతో కలిసిందా, ఆ గుడ్లు పారేసేదే.

రైతులు వచ్చి అడుగుతాండ్రి. "ఏం సార్, మా గూళ్ళలోనే నాలుగు మంచివి ఏరి పెట్టుకొని మేమే గుడ్లు చేసుకుంటే కాదా?" అని. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్తాంటి. ఒకే రక్తం మళ్ళా మళ్ళా కలిస్తే లోపల దాక్కున్న చెడు బయట పడతాదప్పా, మొదటి పంట మోసపోతావు, రెండో పంటకి పురుగు ఆకు మేయదు, మూడో పంటకి తల ఎత్తదు అని. అమరాపురం నుంచి వచ్చే కన్నడం రైతులకి కన్నడంలో కూడా చెప్తాంటి. అంత బాగా వచ్చు నాకి ఆ పాఠం.

మరి ఇంట్లో?

నీలావతి నాకి మేనత్త కూతురే, నీకు తెలుసు. ఆయమ్మకి కడగొట్టు తమ్ముడు హరీష్. మంచి పిల్లోడు, దాంట్లో వంక లేదు. తాగడు, తిరగడు, ఫ్యాక్టరీలో పని, ఇంటికొస్తే అక్కా అని దాని చుట్టే. మా అత్త పోయేముందు, ఆరేండ్ల మంజులత చెయ్యి పట్టుకొని "ఇది మా హరీష్‌కే" అని నీలావతి దగ్గర మాట తీసుకొని పోయె. సచ్చిపోయేవాళ్ళకి ఇచ్చిన మాట. దాన్ని ఎవురు దాటుతారు?

నేను దాటాల. తెలిసినోణ్ణి నేనే గదా ఆ ఇంట్లో.

తెలుసప్పా. ఊరికే పుస్తకంలో చదివి తెలిసేది కాదు. నీలావతి అక్కకి ఒక మగబిడ్డ, వాళ్ళదీ దగ్గర సంబంధమే, ఏడాది నిండేదాకా బాగుండి, మెడ వాల్చేసి, రెండో ఏడు దాటకుండా పోయె. దిష్టి అనిరి అందరూ. నేను ఆ పొద్దే అనుకుంటి, ఇది దిష్టి కాదు, ఈ ఇంటి రక్తంలో ఏదో దాక్కోనుండాది అని. అనుకొని ఊరుకుంటి. ఇరవై ఏండ్ల కింద మాట.

పెండ్లి మాట ఎత్తినప్పుడు వద్దని చెప్దామనే ఉంటి. ఈ పొద్దు చెప్దాం, రేపు చెప్దాం. నీలావతి ముఖం చూస్తే నోరు రాదు. ఊర్లో దేవుణ్ణి కాదనేది సులభమప్పా, ఇంట్లో పెండ్లాన్ని కాదనేదే కష్టం. పైగా పిల్ల హిందూపురంలోనే ఉంటాది, కండ్ల ముందర ఉంటాది, అని నాకీ ఆశ. ఆ ఆశ కూడా చెప్పాల గదా, లేకుంటే అంతా నీలావతి మీద నెట్టినట్ల అయితాది.

తాంబూలాల పొద్దు పెనుకొండ కల్యాణమండపానికి నువ్వు వస్తివి. సంకలో పట్టుచీర. మా పాప కోసమని నువ్వే నేసింది. తాంబూలం తట్ట చేతికి అందుకోబోతాండా, నువ్వు లేచి నిలబడితివి.

"గంగాధరప్పా, నీ కోతి కథ నేను నమ్మేవాణ్ణి కాదు. మా పెద్దోళ్ళ లెక్కలో మేనమామకి ఇచ్చేది తప్పు కాదు. రేపు నేను ఇచ్చినా నాకి దోషం లేదు. నువ్వట్ల కాదప్పా. పురుగుకీ మనిషికీ ఒకే చట్టమని నువ్వు నమ్మినావు. నమ్మినోడు నమ్మినట్ల నడవాల. ఒకే ఇంటి చిలకల్ని కలపనోనివి, కన్నబిడ్డను ఎట్ల కలుపుతాండావు?"

నూట యాభై మంది ఉండారు. మైకు లేదు గానీ నీ గొంతుకు మైకెందుకు. వంటోళ్ళు కూడా గరిటెలు ఆపి తొంగి చూసిరి.

నన్ను పక్కకి పిల్చి చెప్పుంటే ఎంత బాగుండు. అందరి ముందర అట్ల నిలేస్తే ఏ మగోడు ఒప్పుకుంటాడబ్బా?

ఏం, అట్ల చూస్తావు? అవునులే. ముందే ఫోన్ చేసింటివి. రెండుసార్లు. నేనే ఎత్తలేదు. ఎందుకు చేస్తాండావో తెలిసే ఎత్తలేదు.

నువ్వు మాట్లాడతాంటే మంజులత తల ఎత్తి నా దిక్కు చూసె. నిజమా నాయనా, అని. బైపీసీ చదివిన పిల్ల, దానికి ముందే అనుమానం ఉండె. ఎవురిని అడుగుతాది? సైన్సు తెలిసిన నాయన ఇంట్లోనే ఉండాడు. నాయన వద్దంటే వద్దు, సరే అంటే సరే. ఆ పొద్దు నేను తట్ట కింద పెట్టేసి, ఉలిగప్ప చెప్పింది నిజమమ్మా అనుంటే అయిపోయేది. నీలావతి నాలుగు దినాలు ఏడ్చేది. అంతే గదా.

నేనేమంటి? నీకు యాదికుండాది. అయినా నా నోటితో నేను చెప్తా.

"లెక్క తెలీకుండా మాట్లాడొద్దప్పా. సైన్సు అంటే లెక్క. మామూలు పెండ్లిండ్లలో వందకి ఇద్దరో ముగ్గురో బిడ్డలు జబ్బుతో పుడతారు. మేనరికంలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఎక్కువ. అంటే వందకి తొంబై నాలుగు మంది బాగుంటారు. అంత మాత్రానికి శుభకార్యంలో అపశకునం మాట్లాడతావా?"

లెక్క తప్పు కాదు. కానీ అది బావామరదళ్ళ లెక్కప్పా. మామా మేనకోడళ్ళకి రక్తం ఇంకా దగ్గర, ముప్పు దానికి రెండింతలు. అందులోనూ ఇంట్లో అట్ల ఒక బిడ్డ పోయుంటే ఆ లెక్కే వేరు. అది నాకి తెలుసు. నా నోట్‌బుక్కులో నా చేత్తో రాసి పెట్టుకున్నా. చెప్పలేదు. నీకు ఆ తేడా తెలీదని నాకి తెలుసు, అందుకే ఆ లెక్క ఏరుకొని చెప్తి. ఆ మండపంలో ఎవురికీ తెలీదు.

దాంతో కూడా ఆగి ఉండచ్చు. ఆగలేదు. నువ్వు ఇంకా నిలబడే ఉంటివి. అప్పుడు చేతులు రెండూ చాపి, నీ మాదిరే గొంతు చేసి, "అయినా మనిషి పురుగు కాదప్పా ఉలిగప్పా," అంటి.

అబ్బా, ఏం నవ్విరి. చప్పట్లు కొట్టిరి. ఇన్నేండ్ల కొట్లాటలో నాకి అన్ని చప్పట్లు ఎప్పుడూ పడలేదు. నీ మాటతోనే నిన్ను కొట్టినా. ఒళ్ళంతా పులకరించింది నాకి, నిజం చెప్తాండా. మంజులత తల దించుకునె, నెమ్మది పడి. నేను దాని ముఖం కూడా సరిగ్గా చూడలేదు. రేషన్ షాపాయన నవ్వుతాండాడా లేదా అని చూస్తాంటి.

నువ్వు పోయి చీర దాని ఒళ్ళో పెడితివి. తలమీద చెయ్యి పెడితివి. అన్నం తినకుండా పోతివి.

బిడ్డ పుట్టినప్పుడు ఎంత బాగుండెనో. వేణుమాధవ్ అని పేరు పెట్టిరి. నాలుగో నెలకి మెడ నిలిపె, ఏడో నెలకి కూర్చునె. నేను మనసులో నీతో కొట్లాడతాంటి, చూసినావా, చూసినావా అని. తొమ్మిదో నెలలో ఒక పొద్దు బొమ్మ చేతిలోంచి జారిపోయె. మళ్ళా పట్టుకోలేదు. కూర్చునేవాడు పడిపోయె. నవ్వు పోయె. ఏడాదికి మెడ వాలిపోయె.

నేను ఆ మెడ చూస్తి, చూడంగానే తెలిసిపోయె. ఇంట్లో అందరూ టానిక్కులంటాండారు, తాయెత్తులంటాండారు. నేనొక్కణ్ణే పేరు తెలీకపోయినా ఏందో తెలిసి కూర్చోనుండా. పాలు గొంతు దిగక గురగుర అంటాంటే మంజులత రాత్రీ పగలూ వాన్ని భుజం మీద నిలువుగా పెట్టుకొనే నిలబడేది. రెండేండ్లు. వాడు పోయినాక కూడా దాని ఎడమ భుజం ఒక పక్కకి వంగే ఉంటాది, చూస్తివా వచ్చినప్పుడు?

బెంగళూరు డాక్టరమ్మ రక్తాలు తీసి చూసి చెప్పె. ఇద్దరిలో ఒకే లోపం దాగుండాది, దగ్గర సంబంధం గాబట్టి ఇద్దరికీ ఒకే చోటి నుంచి వచ్చింది, ప్రతి కాన్పుకీ నాలుగులో ఒక పాలు భయం అని. కన్నడంలోనే చెప్పె, మా పాపకి అర్థమైంది.

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని అడిగె. "నాయనా, దగ్గర సంబంధం వల్లే అంటాంది. నువ్వు అట్ల కాదని ఆ పొద్దు చెప్తివి గదా?"

చెప్పేదానికి అదే సమయమప్పా. ముసలితనంలో ఒక మనిషికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. నేనేమంటి? "డాక్టర్లు అందరికీ అదే చెప్తారమ్మా. మీ అమ్మా నేనూ దగ్గర సంబంధమే, నువ్వు బాగలేవా? ఇది వేరే. మన లెక్కలకి అందనిది ఏదో ఉండాది."

"ఏముండాది నాయనా?"

"ఏమో తల్లీ. దేవుడు రాసినాడు అనుకో."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందప్పా. నేను అన్నా. దేవుడు.

అది నన్ను ఎంతసేపు చూసిందో. దాని ముఖంలో ఏదో కుదురుకునె. ముప్పై ఏండ్లు దేవుడు లేడని చెప్పిన నాయనే దేవుడంటాండాడంటే, ఇంక అది దేవుడే గదా. నువ్వు వెయ్యి పురాణాలు చెప్పినా దానికి అంత నమ్మకం వచ్చుండదు. నేను ఒక్క మాట చెప్తి, వచ్చేసె. ఆ పొద్దు నుంచి మొక్కులు, ఉపవాసాలు, పొర్లు దండాలు. హరీష్ పాపం అది యాడికి పోతే ఆడికి సంచి మోసుకొని పోతాండాడు. ఇప్పుడు రెండోది కడుపులో పడింది. సూది వద్దు, రాసినోడే చూసుకుంటాడు అంటాంది. నా మాటే నాకి తిప్పి చెప్తాంది. దాన్ని ఏమని తిట్టాల నేను?

అయిపోలేదప్పా. కండ్లు మూసుకోవద్దు. నిన్ను చూడడానికి ఎందుకొచ్చిందో చెప్పలేదు ఇంకా.

దేవుడు ఎందుకు రాసినాడు, నేనేం పాపం చేసినా, అని వెతుక్కుంటా వెతుక్కుంటా దానికి నువ్వు దొరికినావు. ఉలిగప్ప పెద్దనాయన దేవుని మనిషి. తాంబూలాల పొద్దు నొచ్చుకొని, ఎంగిలి పడకుండా పోయినాడు. ఆ ఉసురు తగిలింది మా బిడ్డకి. అట్ల అనుకుంటాంది.

నీ ఉసురంట. చీర నేసి తెచ్చినోని ఉసురు.

పోయిన వారం అడిగింది నన్ను. "పెద్దనాయన ఉసురే గదా నాయనా?" అని. కాదని నాలుగు మాటలు చెప్పాల. కాదంటే మరేంది అంటాది. మరేంది అంటే చెప్పాల. నేను... ఊఁ అన్నా. అంతే. ఊఁ అని పేపర్ తిప్పుకుంటి.

అందుకే వచ్చింది. నీ కాళ్ళు పట్టుకొని మన్నించమని అడిగేదానికి.

ఏందిది, చెయ్యి? ఎడమ చెయ్యి వస్తాందా నీకి? వెంకటమ్మ చెప్పలేదే. అబ్బా, ఎంత గట్టిగా పట్టుకుంటివి. మగ్గం చెయ్యి గదా, పోలేదు బలం. వదులప్పా, మణికట్టు నొప్పి పుడతాంది.

చెప్పమంటాండావు. అంతే గదా? తెలుసు. చెప్తే పోతాది ఆస్పత్రికి, అదీ తెలుసు. మూడు దినాలే ఉండాది, అదీ తెలుసు. ఆ తర్వాత నన్ను నాయనా అని పిలవదప్పా. నాకి ఉండేది ఆ ఒక్క పిల్లే. దేవుడు లేనోనికి ఇంకెవురుండారు చెప్పు? నీకైతే అడగడానికి ఒకడుండాడు.

సరే. సరే. చెప్తా. నీ ముందరే చెప్తా. వదులు.

వస్తాంది.

రామ్మా. మెల్లిగా, గడప చూసుకో. వంగొద్దు, కడుపు ఒత్తుకుంటాది. కాళ్ళ దగ్గర మంచం మీదే కూర్చో, పెద్దనాయన ఏమీ అనుకోడు. అడుగమ్మా. అన్నీ వినపడతాయి ఆయనకి, మాటే రాదు.

ఏడవొద్దు. మెల్లిగా అడుగు.

వింటివా ఉలిగప్పా, తప్పయింది మన్నించమంటాంది. నీ ఉసురు ఈ బిడ్డకన్నా తగలనీయొద్దంటాంది.

అట్ల తల ఆడించొద్దప్పా. భయపడతాంది పిల్ల. ఆ చెయ్యి దించు. నా దిక్కు యాల చూపిస్తావు?

ఏం లేదు తల్లీ. కాదనడం లేదు. ఆయప్ప తల అంతే, దాని పాటికి అది ఆడతాది. నా దిక్కు ఎందుకంటే...

ఎందుకంటే, మీ నాయన చెప్పినట్ల విను అంటాండాడు. అవునమ్మా. ఇంతసేపూ మేం అదే మాట్లాడుకున్నాం. మన్నించినాడు, ఎప్పుడో మన్నించినాడు. బేస్తవారం బెంగళూరుకి పోయి సూది వేయించుకో అంటాండాడు. దేవుడే పంపిస్తాండాడు అనుకొని పో అంటాండాడు. నమ్మకం లేకపోతే నువ్వే అడుగు. అవునంటే తల ఊపుతాడు.

ఊపప్పా.

ఊపు. పిల్ల అడుగుతాంది. నువ్వు కాదంటే అది పోదు. బాగా చూసుకో. నువ్వు కాదంటే అది పోదు.

చూస్తివామ్మా? ఊపినాడు. పోతావు గదా? పోతానని పెద్దనాయనకి చెప్పు. ఆఁ. మంచిది తల్లీ. పో, ముఖం కడుక్కో, చెప్పులు వేసుకో. ప్యాసింజర్‌కి టైమయింది. నేను వెనకాలే వస్తాండా.

పోయె.

నీ కండ్లలో నీళ్ళు కారుతాండాయప్పా. ఉండు, తుడుస్తా. వెంకటమ్మ చూస్తే ఏమైందని అడుగుతాది. పాపను చూసి సంతోషం పట్టలేకపోయినాడని చెప్తాలే.